చిలకలపూడి గొలుసు

గొలుసు తీసి కొంగున ముడేసుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. వాగు దాటక ముందే తీసెయ్యమని మొగుడు నరసయ్య ఒకటికి రెండుసార్లు చెప్పాడు, సత్తెమ్మే వినలేదు, పిల్ల ఒళ్లో నిద్రపోతోంది, మెడ దగ్గర చెయ్యి పెడితే లేస్తుంది, లేస్తే గొలుసు కోసం రాగం తీస్తుంది, ఇంకాసేపాగి తీద్దాంలే అనుకుంది. ఆ ఇంకాసేపట్లోనే బండి వాగులో దిగడమూ గట్టెక్కడమూ నైజాం ఇలాకాలోకి రావడమూ అయిపోయింది. గూడుబండి తెర పక్కకు జరిపి నాకా గుమాస్తా తల లోపలికి పెట్టాడు, ఆ సందులోంచి సాయంత్రపు ఎండ నేరుగా వచ్చి పిల్ల మెడ మీద పడింది. ఎండకు ఇంకో చోటే దొరకలేదు. ఐదేళ్ల పిల్ల మెడలో రెండు పేటల గొలుసు, పచ్చగా, ధగధగా. పోయేటప్పుడు రాయించిన చిట్టీలో బంగారం లేదు, వచ్చేటప్పుడు ఉంది, సుంకం వసూలు చేసే నాకావాళ్లకు ఇంకేం కావాలి. ఇది గిల్టు సాబ్, చిలకలపూడి గిల్టు అని నరసయ్య దండం పెట్టి చెప్పాడు. బంగారం కొన్నోళ్లందరూ ఆ మాటే చెప్తరు అన్నాడు గుమాస్తా. ఊళ్లోంచి కంసాలి వచ్చి గీటురాయి మీద గీసి చూసేదాకా బండి కదలడానికి వీల్లేదని నాకా అధికారి అమీను తేల్చేశాడు. కంసాలి కోసం మనిషిని పంపి అప్పటికే చాలాసేపైంది.

నిజానికి గొలుసు గొడవ పెద్దదేం కాదు, గిల్టు గిల్టే, గీస్తే తేలిపోతుంది. సత్తెమ్మ భయం దాని గురించి కాదు. గొలుసు విప్పబోతే పిల్ల బావురుమంది. అమీనుకు ఏం తోచిందో ఏమో, వద్దు, మెడలోనే ఉండనీ అని పిల్లను వేలు పట్టించుకుని నడిపించుకుపోయి నాకా అరుగు మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చాడు. అప్పటినుంచి ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆడవాళ్లు బండి దిగొద్దన్నారు. నరసయ్యను పాక ముందు ఎండలో నిలబెట్టారు. బండి తోలుకొచ్చిన బిక్షం ఎద్దులను విప్పి నీళ్లకు తోలుకుపోయాడు. బండి నుంచి అరుగుదాకా యాభై అడుగులుంటాయేమో, మాట వినపడదు, మాట రాగం మాత్రం వినపడుతుంది. పిల్ల గొంతు పైకి లేస్తుంది, అమీను గొంతు అచ్ఛా అచ్ఛా అంటుంది, మళ్లీ పిల్ల గొంతు. నోట్లో పిప్పరమెంటు పెట్టుకుని కూడా అంతసేపు ఏం చెప్తోంది అది? దానికి ముచ్చట్లు చెప్పడమంటే అన్నం అక్కర్లేదు, నీళ్లక్కర్లేదు, ఎవరి నోట్లోంచి ఊడిపడిందోగాని అచ్చం చిన్నాయన పోలిక.

చిన్నాయన. మనసులో అనుకున్నందుకే సత్తెమ్మ బండి కొయ్యను పట్టుకుంది. ఆ ఒక్క మాట కోసమే కదా ఇంత భయం. నరసయ్య తమ్ముడు ఆనందం. పోయిన ఏడు దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందన్న పూట సూర్యాపేటలో సొంత బియ్యం మిల్లు పొగగొట్టం ఎక్కి మూడు రంగుల జెండా కట్టి, దిగి, అటునుంచి అటే సరిహద్దు దాటిపోయిన ఆనందం. వారంటు ఇంటికొచ్చింది, మనిషి ఇంటికి రాలేదు. ఆరు నెలలైంది. అత్తమ్మకు రెండు కళ్లలోనూ పొర కమ్ముకుంటోంది, పూర్తిగా చీకటి పడకముందు నా కొడుకు మొఖం ఒక్కపాలి సూపియ్యుండ్రి అంటుంది, అన్నం కంచం ముందు పెట్టినా అదే, మంచం మీద పడుకోబెట్టినా అదే. అందుకే ఈ ప్రయాణం. పైకి మాఘపున్నమి సముద్రస్నానం, లోపల ఆనందం జాడ. జాడ దొరికింది, మాటా దొరికింది. శివరాత్రి నాడు మేళ్లచెరువు జాతరకు వస్తాడు, జనంలో కలిసిపోయి వస్తాడు, అత్తమ్మను గుడి వెనక సున్నపురాళ్ల కుప్పల దగ్గరికి తీసుకురమ్మన్నాడు. ఆ సంగతి చెప్పిన ఆనందానికి తెలుసు, విన్న తామిద్దరికీ తెలుసు. అప్పుడు బందరు జట్కాలో ఒళ్లో పడుకుని ఉన్న పిల్లకు తెలుసో లేదో మాత్రం తెలియదు. నిద్రపోయిందనే అనుకున్నారు. ఊపిరి అలాగే వచ్చింది. పిల్లలు ఊపిరి కూడా దొంగతనంగా తీస్తారని అప్పుడు తోచలేదు.

అసలు దానికి ఆ పేరు పెట్టినప్పుడే ఈ గండం మొదలైంది. స్వరాజ్యలక్ష్మి. పేరు పెట్టిందీ ఆనందమే, మిర్యాలగూడలో సత్తెమ్మ పుట్టింట్లో, బారసాల నాడు, ముసలాళ్లు కామాక్షమ్మ అని అనుకుంటుంటే బియ్యంలో వేలుపెట్టి తనే రాసేశాడు. నాకాల దగ్గర ఆ పేరు చెప్తే ఇంకేమన్నా ఉందా. అందుకని పోయేటప్పుడు దారిపొడుగునా సత్తెమ్మ పిల్లకు పాఠం చెప్పింది. నీ పేరేంది? లక్ష్మి. ఉత్త లక్ష్మేనా? ఉత్త లక్ష్మే. బందరుకు ఎందుకు పోతున్నవ్? సముద్రంల తానం చేసేతందుకు. చిన్నాయన ఎక్కడున్నడు? నాకు ఎరుక లేదు. చిన్నాయన మాట ఎత్తుతవా? ఎత్త. ఎత్తితే? కండ్లు పోతయ్. పిల్ల ఎంత బుద్ధిగా అప్పజెప్పిందంటే నరసయ్యకే ముచ్చటేసింది, బడికి పంపకుండనే ఇంత పాఠం వచ్చిందంటే పంపితే ఏమైతదో అన్నాడు. ఇప్పుడు ఎండలో నిలబడి ఉన్నాడు, ధోవతి కుచ్చెళ్లు సర్దుకుంటున్నాడు, అటు పిల్లవైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఆ సర్దుకోవడం. ఊకె నిలబడరాదా మనిషీ అని సత్తెమ్మ లోపల్లోపల తిట్టింది.

పాక ఎడమగోడ నల్లగా ఉంది. పోయేటప్పుడు ఎదురెండలో సరిగా చూడలేదు, ఇప్పుడు పొద్దు ఇటు వాలేసరికి కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. కింద నుంచి పైదాకా మసి, పైన కొత్త తాటాకు, పక్కన కూలిన గది ఒకటి, దాని గుమ్మం సగం కాలి అట్లాగే నిలబడి ఉంది. మసి లేని చోట చూసి ఉర్దూ కాగితాలు అంటించారు, వారంటున్నవాళ్లవట. ఏం రాశారో సత్తెమ్మకు రాదు, ఒక కాగితం మీద మాత్రం మనిషి బొమ్మకు బదులు వరసలు వరసలుగా రాత ఉంది, మనిషి పోలికలేమో. సంక్రాంతి దాటాక ఒక రాత్రి ఎవరో వచ్చి నాకాకు నిప్పు పెట్టారని కోదాడలో చెప్పుకున్నారు. ఎవరో అంటే ఎవరో అందరికీ తెలుసు, సరిహద్దు అవతల క్యాంపులు పెట్టుకున్నవాళ్లు. తెలిసినా ఎవరో అనే అంటారు.

ఆనందం చేతికి కట్టు ఉంది. సముద్రం దగ్గర చూసింది సత్తెమ్మ. మంగినపూడి ఒడ్డున ఇసుక కనపడనంత జనం, ఇంత నీళ్లు ఒక్కచోట ఉంటాయని ఎవరు చెప్పినా నమ్మి ఉండేది కాదు. నీళ్లు చూస్తే భక్తి పుట్టాలి, ఆమెకు మాత్రం కాళ్ల కింది ఇసుక జారిపోతుంటే నేలే మోసం చేస్తున్నట్టు అనిపించి నరసయ్య భుజం వదల్లేదు. ముగ్గురూ మునిగారు, ఆనందం మునగలేదు, కుడి చెయ్యి పైకెత్తి పట్టుకుని మోకాలి లోతులోనే నిలబడ్డాడు. కనుబొమల చివర్లు కూడా లేవు. ఏమైంది ఆనందం అంటే పొయ్యి దగ్గర కాలింది వదినె, క్యాంపుల వంతు పెట్టుకుని వండుకుంటం గద అన్నాడు. వాడికి పొయ్యి ముట్టించడం రాదని, ఇంట్లో ఉన్నన్నాళ్లూ మంచినీళ్లు కూడా ముంచుకు తాగలేదని ఆమెకు తెలియదూ? తడిచీర పిండుకుంటూ అడిగేసింది. నాకా కాడ మంటలు పెట్టినప్పుడు లోపట ఎవరన్న ఉన్నరా? ఆనందం సముద్రం వైపే చూశాడు. ఎవరూ లేరు వదినె అన్నాడు. కాసేపటికి, మాకు తెలిసినకాడికి ఎవరూ లేరు అన్నాడు. ఆ రెండో మాట అనకుండా ఉంటే బాగుండేది. మొదటి మాటతో ఆమె నమ్మేసేది.

అయినా ఆ రోజంతా ఎంత బాగా జరిగింది, అంత బాగా జరగడమే అనుమానించాల్సిన సంగతి. మహాత్ముడు పోయి నెల కూడా కాలేదు, ఊళ్లో ఇంకా గాంధీ పటాలకు దండలు వాడకుండా మారుస్తున్నారు, అంగళ్ల ముందు ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, వీళ్లు మాత్రం జట్కా కట్టించుకుని పండగ చూడటానికి వచ్చినవాళ్లలా ఊరంతా తిరిగారు. చిలకలపూడి పాండురంగడి కాళ్లు ముట్టుకున్నారు, అక్కడ దేవుడి కాళ్లు ఎవరైనా ముట్టుకోవచ్చునట, సత్తెమ్మ ముట్టుకుని చెయ్యి తీయలేకపోయింది. బందరు కోట చూశారు, కోటంటే ఓరుగల్లు కోటలా ఉంటుందనుకుంది, తీరా చూస్తే ఇటుకలు రాలిపోయిన పాత గోడలు, ముళ్లపొదలు, ఒక గంటస్తంభం. ఒలందా దేశపు దొరల సమాధులట, రాళ్లమీద పుర్రెలూ కత్తులూ చెక్కి ఉన్నాయి. ఎంత దూరం నుంచి వచ్చి ఈ ఉప్పునేలలో పడుకున్నారో, వీళ్ల అమ్మలకు కళ్లు పోయాయో ఉన్నాయో. ఆనందం ఎడమచేత్తో పిల్లను ఎత్తుకుని అన్నీ చూపిస్తూ మాటలు నేర్పిస్తూ తిరిగాడు. ఇది కెరటం, మనం అల అంటం గద, ఈడ కెరటం అంటరు, అను. కెరటం. అది ఓడరేవు, అను. ఓడరేవు. పిల్ల ప్రతిమాటా పట్టుకుని వదలదు.

ఆ మాటల్లోనే ఇంకో మాట ఉంది, అది నేర్పింది మాత్రం ఆనందం కాదు. బందరులో తాము దిగిన ఇంటి ముసలామె, తెల్లచీర కట్టుకున్న గట్టి మనిషి. పిల్ల గడప దాటుతూనే చిన్నాయనా అని గొంతెత్తి అరిచింది, ఆరు నెలల తర్వాత చూసింది మరి, నేర్పిన పాఠమంతా గంగలో కలిసింది. ముసలామె నోటి మీద వేలేసుకుంది. ‘చిన్నాయనేంటే పిచ్చిమొహమా, ఆ మాటంటే మీరు నైజాం నుంచి వచ్చారని వీధి వీధంతా తెలిసిపోదూ? మీ వేగులవాళ్లు ఈ ఊళ్లోనూ తిరుగుతున్నారు. ఇక్కడ బాబాయి అంటారమ్మా. ఏదీ అను, బాబాయి.’ పిల్ల తల్లి వైపు చూసింది, చిన్నాయన మాట ఎత్తితే కండ్లు పోతయ్ అని తిట్టి తెచ్చిన తల్లి. అప్పుడు సత్తెమ్మే చెప్పింది, వినడానికి ఆ మాట ముద్దుగా ఉందని కూడా అనిపించింది, తప్పేముంది, ‘అవు బిడ్డా, చిన్నాయన అనొద్దు. బాబాయి అను. బాబాయి అంటే ఏం గాదు.’ ఇంక చూడు, ఆ రోజంతా బాబాయి బాబాయి అని పిల్ల నోరు మూతపడితే ఒట్టు. గొలుసు కావాలని అడిగిందీ బాబాయినే. వద్దురా ఆనందం, గీ గొలుసు కథ మనకెందుకు అన్నది సత్తెమ్మ. ఒక్క బిడ్డ గద వదినె, మల్ల ఎప్పుడు కొనిస్తనో అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది.

ఆ ముసలామే సాయంత్రం ఉప్పెన సంగతి చెప్పింది, వాళ్ల నాయనమ్మ చెప్పిన ఉప్పెన. రాకముందు సముద్రం వెనక్కి పోయిందట, ఎన్నడూ కనపడని నేల కనపడిందట, గవ్వలూ చేపలూ తేలాయని జనం బుట్టలు పట్టుకుని దిగారట, అంత మంచి రోజు మళ్లీ రాదనుకున్నారట. నిజమో కల్పితమో, వింటున్నప్పుడు సత్తెమ్మ పిల్లను దగ్గరికి లాక్కుంది. ఇప్పుడు లాక్కోవడానికి పిల్ల చేతికందేట్టు లేదు.

సైకిళ్లు వచ్చాయి. ఖాకీ బట్టలవాళ్లు ముగ్గురు, రజాకార్లే, భుజాల మీద తుపాకులు, మీసాలు ఇంకా సరిగా రానివాళ్లు. ఒకడు బండి దగ్గరికొచ్చి గడ్డి లేపి చూశాడు, బందరు లడ్డూల కుండ మూత తీశాడు, లడ్డూ వాసన చూసి మళ్లీ పెట్టేశాడు. తింటే బాగుండును అనుకుంది సత్తెమ్మ, తింటే మనిషి అనుకోవచ్చు. ఇంకొకడు పాక గోడ మీది కాగితాన్ని వేలితో గీస్తూ చదివి, వెనక్కి తిరిగి నరసయ్య మొహం తేరిపార చూశాడు. అన్నదమ్ముల పోలిక అంటే ఏంటో ఆ క్షణంలో తెలిసింది ఆమెకు, ఆ ముక్కూ ఆ నుదురూ, ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే అత్తమ్మ పొరకమ్మిన కళ్లకు కూడా తేడా తెలియదు. దేవుడా, ఆ కాగితంలో పోలికలు రాయకుండా ఉంటే బాగుండు, ముక్కు గురించి రాయకుండా ఉంటే బాగుండు. అరుగు మీద నుంచి అమీను వాళ్లను ఏదో కసిరాడు, చెయ్యి ఊపాడు, నేను మాట్లాడుతుంటే మధ్యన మీరేమిటన్నట్టు. పిల్ల నవ్వింది. అమీను కూడా నవ్వాడు, నవ్వి, జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నవ్వితే కళ్లు తుడుచుకోవడమెందుకు? గట్టిగా నవ్వినా నీళ్లొస్తాయిలే. అంత గట్టిగా నవ్వలేదే. పిల్ల రెండు చేతులూ చాచి ఎంత పెద్దదో చూపిస్తోంది, కెరటమే అయుంటుంది, కెరటం గురించి చెప్తే ఫరవాలేదు, కోట గురించి చెప్పినా ఫరవాలేదు, సమాధులు, లడ్డూలు, జట్కా గుర్రం, దాని తోక, ఎన్ని లేవు చెప్పడానికి. జట్కా వద్దు. జట్కా మాట వస్తే జట్కాలో విన్న మాట వస్తుంది. లేదు, అది చిన్నాయన మాట ఎత్తదు. కళ్లు పోతాయని దానికి భయం. రాత్రి బెజవాడ సత్రంలో దీపం ఆర్పితే, అమ్మా నా కండ్లు పోయినయా, నేను ఎవ్వరికీ చెప్పలే గద అని వెక్కివెక్కి ఏడ్చింది. అంత భయం పెట్టినందుకు అప్పుడు తల్లిగా సిగ్గుపడింది. ఇప్పుడు ఆ భయమే కాపాడాలి.

కంసాలి వచ్చాడు. ముసలివాడు, చంకలో సంచి, అమీనుకు వంగి వంగి దండాలు పెట్టి పిల్ల మెడలోంచి గొలుసు తీసి రాయి మీద గీశాడు, చుక్కమందు వేశాడు, మెల్లకన్నుతో చూశాడు. కంసాలి పెదవి విరిచాడు. ‘గిల్టు సాబ్. బంగారం పూత. గీకితే లోపట ఇత్తడే.’ నరసయ్య నవ్వాడు, మరీ ఎక్కువ నవ్వాడు, ఖాకీ పిల్లలు కూడా నవ్వారు, ఒకడు నరసయ్య వీపు మీద చరిచాడు. బిక్షం ఎద్దులను తోలుకొచ్చి కాడి ఎత్తాడు. అయిపోయింది. సత్తెమ్మ జానపహాడ్ సైదులుకు మొక్కింది, మేళ్లచెరువు శంభులింగడికి మొక్కింది, చేతికందిన దేవుళ్లందరికీ మొక్కింది. గుమాస్తా వెంకటేశం పిల్లను ఎత్తుకుని బండివైపు వస్తున్నాడు. మెడలో గొలుసు మళ్లీ వేసే ఉంది.

అతను పిల్లను లోపలికి అందిస్తూ తెర కొంచెం కిందికి లాగాడు. కోదాడ మనిషి, నలభై ఏళ్లుంటాయి, మాట్లాడేటప్పుడు ఎద్దులవైపు చూస్తూ మాట్లాడాడు. ‘అమ్మా, జర జల్దీ చెప్త, ఇను. గొలుసు ఎవరు కొనిచ్చిండ్రని సాబు అడిగిండు. బాబాయి అన్నది నీ బిడ్డ. బాబాయి అంటే ఎవరని సాబు నన్ను అడిగిండు, ఆయనది హైదరాబాదు, ఆ మాట ఎరగడు. నాకు ఎరుకే. మా చెల్లెల్ని జగ్గయ్యపేటల ఇచ్చినం, ఆ ఇంట్ల పిల్లలు పొద్దస్తమానం అనే మాట అదే. మీ మరిది కాయితం గోడకు నేనే అంటించిన, నీ పెనిమిటి పోలిక సూస్తేనే ఎరుకైంది. ఏం చెప్పాలో తోచలే. బాబా అని చెప్పిన. సముద్రం కాడ ఉండే సాధువు, తెలుగోళ్లు బాబాయి అంటరు అని చెప్పిన.’

సత్తెమ్మకు అతని కాళ్లు మొక్కాలనిపించింది. వెంకటేశం ఇంకా ఎద్దులవైపే చూస్తున్నాడు.

‘ఆడితో ఊకుంటదనుకున్నమ్మా. నీ బిడ్డ ఊకోలే. బాబాయి పిల్లలకు మాటలు నేర్పిస్తడన్నది, ఎత్తుకుంటడన్నది. శివరాత్రికి మేళ్లచెర్వుకు వస్తడన్నది, గుడెనక సున్నపురాళ్ల కాడికి వస్తడన్నది. నేను ఆపేతట్టు లేదు. ఆపితే నన్నూ అనుమానిస్తడు. నాకూ ఇద్దరు పిల్లలున్నరు.’ అతను గొంతు సవరించుకుని ఒక్కడుగు వెనక్కి వేశాడు, బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది.

అమీను తెర ఎత్తలేదు. తెర అవతలే నిలబడి, ఆడవాళ్లున్న బండి అని మర్యాదగా పక్కకు తిరిగి మాట్లాడాడు. వచ్చీరాని తెలుగు, మెత్తని గొంతు, ఆ గొంతు ఇంత మెత్తగా ఉంటుందని ఆమె అనుకోలేదు. ‘అమ్మా, నీ బేటీ మంచిగ మాట్లాడ్తది. నా బేటీ గూడ గిట్లనే మాట్లాడుతుండె. దీని ఉమరే, గిన్నేండ్లే. నాకాకు ఆగ్ పెట్టిన్రు గద, ఆ దినం పక్క అర్రల పండుకొని ఉండె. నేనే ఎత్కొచ్చిన. ఏం కాలే, వెంట్రుక గూడ కాలలే. మాట బంద్ అయింది. నెలన్నర దినాలు. దవాఖానాకు తీస్కపోయిన, సైదులు దర్గాకు తీస్కపోయిన, తాయెత్తు కట్టిచ్చిన. మీ బాబా పిల్లలకు మాట నేర్పిస్తడట. శివరాత్రికి తీస్కొస్త. నా బేటీని దూరంకెళ్లి ఒక్కసారి సూస్తే సాలు, అని బాబాకు నా సలాం చెప్పు.’

ఎవరూ లేరు వదినె. మాకు తెలిసినకాడికి ఎవరూ లేరు. కాలిన గుమ్మం అట్లాగే నిలబడి ఉంది, దాని అవతల ఆరుబయలు, ఎండ. ఆ గుమ్మంలోంచి ఈ మనిషి ఒక పిల్లను ఎత్తుకుని బయటికొచ్చాడు. కట్టు కట్టిన చెయ్యి సముద్రంలో ముంచకుండా ఆనందం పైకెత్తి పట్టుకున్నాడు. ఆ పిల్ల ఆనందాన్ని చూసిందా ఆ మంటల వెలుగులో? చూసే ఉంటుంది, చూడకపోతే మాట ఎందుకు పడిపోతుంది. శివరాత్రి నాడు చూస్తే గుర్తుపడుతుందా? గుర్తుపడితే నెలన్నరగా రాని మాట అప్పుడొస్తుంది, మొదటి మాటగా ఏం వస్తుంది? ఆనందానికి వద్దని కబురు పంపాలి. ఎవరితో? ఉత్తరాలు విప్పి చూస్తారు, ఈ నాకాలోనే విప్పుతారు, ఈ వెంకటేశమే విప్పుతాడు. మళ్లీ వాగు దాటడానికి చిట్టీ ఇవ్వరు, మాఘస్నానం ఏడాదికి ఒక్కసారే. శివరాత్రి ఇంక పదమూడు రోజులే. వాడు వస్తాడు, చెప్పిన మాట తప్పే మనిషి కాడు, కన్నతల్లి కోసం వస్తాడు. అత్తమ్మ రాళ్ల కుప్పల దగ్గర కూర్చుని ఉంటుంది, అవతల ఒక తండ్రి బిడ్డను ఎత్తుకుని కూర్చుని ఉంటాడు. ఇద్దరూ ఒక్కడి కోసమే చూస్తుంటారు. రాకపోతే ఆ పిల్ల సంగతేమిటని కూడా ఒక మూల మనసు అడిగింది. ఆ మనసుకు చెంపపెట్టు పెట్టాలనిపించింది, పెట్టలేకపోయింది.

తెర అవతల అమీను ఇంకా నిలబడే ఉన్నాడు, జవాబు కోసం.

‘సరే సాబ్. చెప్త’ అంది సత్తెమ్మ.

దారికి అడ్డంగా ఉన్న నాకా దూలం లేచింది. నరసయ్య బండి ముందు వైపు ఎక్కి కూర్చుని బిక్షానికి తోలమన్నాడు, అతనికి ఇంకా ఏమీ తెలియదు, గొలుసు గట్టెక్కిందని వీపు తేలిగ్గా పెట్టుకుని కూర్చున్నాడు, కోదాడ చేరేసరికి దీపాలు పెడతరు, సందెన్నం ఆడనే తిందాం అంటున్నాడు. ఆ వీపుతో ఎట్లా చెప్పాలి. చెప్తుంది, కోదాడ చేరాక చెప్తుంది, ఇంకాసేపాగి చెప్తుంది. ఇంకాసేపు అనుకున్నందుకే కదా ఇదంతా. బండి మెల్లగా కదిలింది. స్వరాజ్యలక్ష్మి తల్లి ఒళ్లోకి జరిగి, పిప్పరమెంటుకు ఎర్రబడ్డ నాలుక బయటపెట్టి చూపించింది, తర్వాత తల్లి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది, ఎవరూ వినకుండా చెవిలో చెప్పింది.

‘అమ్మా, ఆయన ఎన్ని అడిగిండో. ఉత్త లక్ష్మే అని చెప్పిన. చిన్నాయన మాట ఎత్తలే. ఒక్కపాలి గూడ ఎత్తలే. బాబాయి సంగతే చెప్పిన.’

పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని తల్లి మొహంలోకి చూస్తోంది, మెప్పు కోసం, ఆ కళ్లు పోలేదని చెప్పడం కోసం. సత్తెమ్మ ఆ రెండు కళ్ల మీదా చెయ్యి వేసి మూసింది, తన మొహం కనపడకుండా.

‘ఎత్తలేదు బిడ్డా’ అంది. ‘నువ్వు ఎత్తలేదు.’